దర్వాజ మీది నూనె

మా బిల్డింగుకు రంగులు వేస్తున్నారు. నిన్న పొద్దున పెయింటరు మా తలుపు ముందు స్టూలెక్కి, మమ్మల్ని కాదు, దర్వాజనే తిట్టుకుంటున్నాడు. దర్వాజ పైకమ్మి మీద ఒకచోట రంగు నిలవడం లేదు. వేసినప్పుడు బాగానే ఉంటుంది, ఆరేసరికి పొక్కిపోయి పెచ్చు ఊడుతుంది. ఊడినచోట అచ్చంగా శిలువ ఆకారం. దాని కిందే మా అమ్మ కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. ఇది ఏ మతం వాళ్ళ ఇల్లో తేల్చుకోలేక అతను నా వైపు చూశాడు. ఇంకెవరైనా అయితే ఈపాటికి అద్భుతం జరిగిందని గల్లీలో మైకు పెట్టేవాళ్ళు. అది కొబ్బరినూనె.

నూనె పీల్చిన కట్టెకు రంగు పట్టదట. కింది నుంచి ఇక్కడి దాకా ప్రతి దర్వాజదీ ఇదే కథ, ఎవరో పనిగట్టుకొని రాసినట్టున్నారు అన్నాడు. ఎవరో కాదు, మా ఎదురు పోర్షన్‌లో ఉండిన పెద్దమ్మ. మొన్న చలికాలంలో చనిపోయింది. పోర్షన్ ఖాళీ అయింది కాబట్టే ఓనరు రంగులు మొదలుపెట్టాడు.

ఎల్బీనగర్‌లో రింగురోడ్డు వెనక మా గల్లీ మొత్తానికి ఆమె ప్రార్థన పెద్దమ్మ. నాకు ఉత్త పెద్దమ్మ. చర్చిలో ఆమెకు ఏ పదవీ లేదు. పాస్టరుగారు వాక్యం చెప్పేవారు, ఈమె ఇళ్ళకు తిరిగేది. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడినా, జ్వరం తగ్గకపోయినా, కొత్త ఇంట్లో దిగినా ఈమెను పిలిచేవాళ్ళు. చేతిసంచిలో దగ్గుమందు సీసా ఉండేది. దగ్గుమందు ఎప్పుడో అయిపోయింది, అందులో ప్రార్థన చేసిన కొబ్బరినూనె. పాస్టరుగారు ఆలివ్ నూనె వాడతారు కదా అని ఒకసారి అడిగాను. దయ్యాలకు గంత తేడా తెల్వదు బిడ్డ అంది.

బొటనవేలు నూనెలో ముంచి, యేసు నామమున అంటూ దర్వాజ మీద శిలువ గుర్తు వేసేది. వేసినప్పుడు అది కనబడదు. కానీ నూనె కదా, ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టి నల్లగా తేలేది. మా బిల్డింగులో ఎవరింటికి ఎప్పుడు కష్టమొచ్చిందో దర్వాజల నలుపు చూసి చెప్పొచ్చు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మా ఓనరు, "కొత్త రంగమ్మా, పాడైపోద్దమ్మా" అని గొణుగుతూనే ఉండేవాడు. ఆయన కారు కొన్న రోజున చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తర్వాత ఈమెను పిలిచి బానెట్ మీద నూనె కూడా రాయించుకున్నాడు. ఇన్సూరెన్సు విడిగా కట్టాడు.

మా అమ్మతో ఆమెకున్న పేచీ నిమ్మకాయల గురించే. "ఒక్క తలుపుకు రెండు తాళాలెందుకు చెల్లె?" అనేది. అమ్మ బుద్ధిగా దండ తీసి లోపల పెట్టి, నూనె రాయించుకొని, ఆమె వెళ్ళి తలుపేసుకోగానే మళ్ళీ కట్టేది. పెద్దమ్మకు ఆ సంగతి తెలుసు.  మరునాడు దండ కింద నుంచి వచ్చేటప్పుడు తల కొంచెం వంచేది. ఆమె పొట్టిది, వంచాల్సిన అవసరం లేదు.

హయత్‌నగర్ దాటాక ఎక్కడో ఆమె పుట్టిన ఊరు. ఆమె చిన్నప్పుడు ఆ ఊళ్ళో దయ్యాలకు కొదవ లేదట. దిగుడుబావిలో ఒకతె, వాగు దాటేచోట ఒకడు, పురిట్లో పోయినామె ఒకతె, పొలిమేరలో కొరివిదయ్యం. ఎవరి ఇలాకా వాళ్ళది, ఎవరి రేటు వాళ్ళది. ఒకరికి కోడి, ఒకరికి పసుపన్నం, వాగు దగ్గరున్నవాడికి బీడీ. తర్వాత ఊరికి పాస్టరు వచ్చాడు, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. అంతవరకు ఎవరి దుకాణం వాళ్ళు నడుపుకున్న దయ్యాలన్నీ ఒక్కరోజులో సాతాను కంపెనీలో ఉద్యోగులైపోయాయి. ఇక కోడి లేదు, బీడీ లేదు, బేరాల్లేవు. యేసు పేరు చెప్పి పొమ్మనడమే. నేను ఇట్లా వర్ణిస్తే ఆమె నవ్వాపుకొంటూ నా నెత్తి మీద మొట్టేది.

ఒక విషయానికి మాత్రం నవ్వేది కాదు. వాళ్ళమ్మ మీదికి పోచమ్మ వచ్చేదట. పూనకంలో ఉన్నప్పుడు ఊరంతా ఆమె కాళ్ళు కడిగి భవిష్యం అడిగేది. బాప్తిస్మం తర్వాత ఆ వచ్చేది కూడా దురాత్మే అన్నారు. తల్లి సరే అంది, మళ్ళీ ఎన్నడూ పూనకం ఆడలేదు. "గది దయ్యమే అయితే మా అమ్మ నోటెంట అంత మంచి మాటలెట్ల ఒచ్చినయి?" అని పెద్దమ్మ ఒకసారి నన్నే అడిగింది, ఏదో నాకు తెలిసినట్టు. జవాబు తనే చెప్పుకొంది. మంచిగా మాట్లాడబట్టే కదా మనుషులు మోసపోయేది అంది. ఆషాఢంలో మా గల్లీ నుంచి బోనాలు పోతుంటే తలుపేసుకొని పాటల పుస్తకం తెరిచి గట్టిగా పాడేది. గొంతు యేసయ్యది. కుర్చీ కింద కాలు మాత్రం బయటి డప్పుకు దరువేసేది. నేను చూశానని తెలిస్తే కాలును చీరలోకి లాక్కునేది.

ఆధార్ కార్డు వచ్చిన కొత్తలో అది బైబిల్లో చెప్పిన మృగపు ముద్ర, అంటే సాతాను గుర్తు అని ఎవరో ప్రార్థన కూటంలో చెప్పారు. ఆమె ప్రార్థన చేసుకొనే వేలిముద్రలకు వెళ్ళింది. జీవితమంతా గిన్నెలు తోమి అరిగిన వేళ్ళు, ముద్రలు మిషన్‌కు అందలేదు. ప్రభువు కాపాడాడని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. తర్వాత రేషన్ ఆగింది. ముద్రలు పడాలని మళ్ళీ ఉపవాస ప్రార్థన పెట్టింది. పడ్డాయి. దానికీ సాక్ష్యం చెప్పింది.

ఇన్నింటిలో సర్దుకుపోయే మనిషి, చచ్చినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వెంట్రుకవాసి కదిలేది కాదు. పాత ఊళ్ళో చచ్చినవాళ్ళు ఇంటికి వచ్చేవాళ్ళు. వస్తే ఇంత అన్నం పెట్టి పంపేవాళ్ళు. కొత్త లెక్కలో చచ్చినవాళ్ళు నిద్రలో ఉన్నారు, చివరి దినాన బూర ఊదేదాకా లేవరు. మరి మొగుడు కనబడ్డాడనీ తల్లి పిలిచిందనీ అంటారు కదా? అది వాళ్ళు కాదు, వాళ్ళ మొఖం వేసుకొని వచ్చినవాడు. మొఖం చూసి కరిగిపోయి తలుపు తీస్తే ఇల్లు వాడిదైపోతుంది. అందుకే దర్వాజకు నూనె.

చంపాపేట్‌లో ఒకామె ఇంటికి పెద్దమ్మను నా బండి మీద నేనే తీసుకెళ్ళాను. ఆ ఇంటామె భర్త పోయి కొద్ది నెలలైంది. రోజూ పొద్దుగూకే వేళకు ఆయన వచ్చి టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడట. కొడుకు కోడలు భయపడి కబురు పెట్టారు. ఆ ఇంట్లో భయపడనిది ఆ భార్య ఒక్కతే.

"ఏమంటలేడక్క. కూసుంటడు, చూస్తడు, పోతడు. పంపియ్యకు" అంది.

"గాయన నీ పెనిమిటి గాదు చెల్లె. ఆయన మొఖం ఏసుకొని ఒస్తున్నడు."

"ఎవరైతేంది, కూసోనియ్యరాదు?"

పెద్దమ్మ ఒప్పుకోలేదు. దర్వాజకు, కిటికీలకు, చివరికి ఆ కుర్చీకి కూడా నూనె రాసి గట్టిగా ప్రార్థన చేసింది. ఆ భార్య కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తూనే ఉంది. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఆగితే పెద్దమ్మ, "గట్ల ఏడ్సిందేంది రా?" అంది. మంచి కుర్చీ పెద్దమ్మ, నూనె మరకైంది, అందుకే అన్నాను. నా వీపు మీద ఒకటి చరిచి నవ్వింది. 

పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, నా ఈడువాడు. భర్త వాడి చిన్నప్పుడే పోయాడు. వాడికి దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ రిపేరు కొట్టు, కొట్టు అంటే ఒక మెట్ల కింద బల్ల. చచ్చిన ఫోన్లను నేను లేపుతా, చచ్చిన మనుషులను మా అమ్మ వాపసు పంపిస్తది, ఇద్దరికీ మంచి గిరాకీ ఉంది అనేవాడు. ఒకసారి వాడూ నేనూ అక్కడి బస్ డిపో ఎదురుగా ఫుట్‌పాత్ మీద చెప్పులు కొన్నాం. రెండు జతలు తీసుకుంటే తగ్గిస్తానన్నాడని ఒకే రకం తీసుకున్నాం. అడుగు గట్టిది, మెట్ల మీద టక్కు టక్కుమని రెండంతస్తులకు వినబడేది. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ లోపల కంచం పెట్టేది. తలుపు తీస్తే సగంసార్లు నేను. పెట్టిన కంచం తీయడం ఆమెకు ఇష్టముండదు కాబట్టి నేనే తినేవాడిని. ఆమెకు కష్టం కలిగించకూడదని.

రెండేళ్ళ కింద వానాకాలంలో వాడికి జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానలో ఐసీయూ బయట పెద్దమ్మ నూనె సీసా గుప్పిట్లో పెట్టుకొని కూర్చుంది. ఊరందరి జ్వరాలకు నూనె రాసిన చేయి. లోపలికి పంపినప్పుడు వాడి నుదుటి మీద శిలువ గుర్తు వేసింది. నూనె మీద గొట్టాల పట్టీ అంటుకోదని నర్సు దూదితో మెల్లగా తుడిచేసింది.  మర్నాడు వాడు పోయాడు.

సమాధి దగ్గర కూడా ఆమె పెద్దగా ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు, నిద్రపోతుండు అని చెప్పేది. పసిపిల్లాడి సంగతి చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేది. వచ్చినవాళ్ళు కూడా మెల్లగా మాట్లాడి పోయేవాళ్ళు.

కొన్ని వారాలయ్యాక ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతున్నాను. ఎదురు తలుపు వేసే ఉంది. లోపల నుంచి ఆమె గొంతు వినబడింది.

"యేసు నామమున..."

దాని తర్వాత రావలసిన మాట నాకు కంఠతా వచ్చు. పో. చంపాపేట్‌లో గోడలదిరేట్టు అన్న మాట అది. నేను మరో రెండు మెట్లెక్కాను.

"యేసు నామమున..."

మళ్ళీ అక్కడే ఆగింది. నాకు ఎంత ఆలస్యంగా వెలిగిందంటే, అప్పటికి తలుపు ముందుకే వచ్చేశాను. కాళ్ళకు ఆ చెప్పులున్నాయి. గొంతు సవరించుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఆమె బొటనవేలికి నూనె మెరుస్తోంది. వెనక చాప మీద కంచం పెట్టి ఉంది.

"నువ్వా" అంది.

"నేనే పెద్దమ్మ. దయ్యాన్ని గాదు."

నా జోకులకు ఎవరూ నవ్వకపోవడం కొత్త కాదు. కానీ ఆ రోజు ఆమె దాన్ని జోకనుకోలేదు. దయ్యాన్ని కానందుకు నావైపు ఎట్లా చూసిందో నేను చెప్పలేను. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది.

"గా చెప్పులు మార్చుకో బిడ్డ. నీకు మొక్కుత."

మర్నాడే రబ్బరువి కొన్నాను, పిల్లి నడిచినట్టుంటుంది. పాతవి గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోశాను. నెల తిరగకముందే ఆమె గుమ్మంలో నిలబడి నన్ను ఆపింది. సప్పుడే లేదు, ఇంటికొస్తలేవా అని అడిగింది. వస్తున్నాను, చెప్పులు మార్చాను కదా అన్నాను. కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసింది.

"పాతయి పారేసినవా?"

"లేదు."

"గవే ఏస్కో."

"అది నేనే గద పెద్దమ్మ. వాడు గాదు గద."

"తలుపు తీసినంక నువ్వే, నాకెర్క లేదా?" అంది. "తీసేదాక తెల్వదు గద."

 పాత చెప్పులే వేసుకున్నాను. ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు మెట్లెక్కినా ఆ తలుపు వెనక నుంచి యేసు నామమున అనే మాట వినబడలేదు.

క్రిస్మస్ ముందు పెద్దమ్మ, జర చంపాపేట్ తీస్కపో అంది. ఎవరూ పిలవలేదు. సంచిలో సీసా కూడా లేదు. ఆ భర్త పోయినామె మాకు చాయ్ పెట్టింది. ప్లాస్టిక్ కుర్చీ టీవీ ముందు అట్లాగే ఉంది, దాని చేతి మీద నూనె మరక నల్లబడింది. ఇద్దరూ ధరల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. సుగరుంది, చక్కెర వద్దంటూనే పెద్దమ్మ అలవాటుగా రెండు చెంచాలు వేసుకుంది. లేచేటప్పుడు అడిగింది.

"మల్ల ఎన్నడన్న ఒచ్చిండా?"

"యాడొస్తడక్క" అందామె, కోపమేమీ లేకుండా. "నువ్వే గద పంపిస్తివి."

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద పెద్దమ్మ నా భుజం పట్టుకున్న పట్టుకు నొప్పి పుట్టింది. దార్లో ఒక్కసారే మాట్లాడింది. అదీ నాతో కాదేమో, హారన్ల మధ్య సరిగా వినబడలేదు కూడా. "మొఖమైతె వానిదే గద" అన్నట్టుంది.

మర్నాడు పొద్దున నేను బయటికి వెళ్తుంటే తన దర్వాజ ముందు స్టూలేసుకొని ఎక్కి ఉంది. కింద బకెట్లో సబ్బు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి, చేతిలో గిన్నెలు తోమే పీచు. నేను తోముతా దిగమన్నాను.

"దుమ్ము వట్టింది బిడ్డ. నేనే తుడవాలె."

క్రిస్మస్ దగ్గరపడింది, అందరూ ఇళ్ళు కడుక్కుంటున్నారు. నేను అంతకు మించి ఆలోచించలేదు. స్టూలు ఊగుతుంటే పట్టుకున్నాను. చాలాసేపు తోమింది.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె మామూలుగానే ఉంది. పిలిచినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది, వాళ్ళ దర్వాజలకు నూనె రాసింది. తన తలుపుకు మాత్రం సాయంత్రాలు గొళ్ళెం పెట్టేది కాదు. దొంగలొస్తారని మా అమ్మ కోప్పడితే, ఏమున్నది చెల్లె ఎత్కపోను అనేది. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం కూర ఇవ్వడానికి అమ్మ ఆ తలుపు తోసింది. పెద్దమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ముందు చాప మీద కంచం పెట్టి ఉంది, దాని మీద మూత. పలకరిస్తే పలకలేదు.

జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు బాగా మాట్లాడారు. అపవాదియైన సాతాను శక్తుల మీద జీవితమంతా పోరాడిన సైనికురాలు అన్నారు, ఏ ఇంట్లోనూ వాడికి చోటివ్వలేదు అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను, బిర్యానీకి ముందు అనడం మర్యాద కదా అని.  ఎవరూ చూడకుండా ప్లేటు వెనకవాడికిచ్చేశాను.

ఈ రోజు పెయింటరు ఎదురు పోర్షన్ దర్వాజకు వచ్చాడు. మధ్యాహ్నం నన్ను కేకేశాడు. బిల్డింగు మొత్తంలో ఈ ఒక్క దర్వాజకే మొదటి కోటుకే రంగు పట్టిందట. చూడు అని పైకమ్మి చూపించాడు. ఇక్కడ కూడా నూనె ఉండేది కానీ ఎవరో వేడినీళ్ళతో, సబ్బుతో, కట్టె గీరుకుపోయేదాకా తోమేశారు అన్నాడు. "మంచి పని జేసిండ్రు, నాకు తిప్పలు తప్పినయి" అన్నాడు. స్టూలెక్కి చేయి పెట్టి చూశాను. కొత్త రంగు కింద పీచు గీతలు వేళ్ళకు తెలుస్తున్నాయి. అందరి తలుపులకూ ఆమె రాసిన నూనె అట్లాగే ఉంది. ఆమె తలుపుకే లేదు.

పెయింటరు ఉప్పుకాగితం తీసుకొని మా తలుపు దగ్గరికి వచ్చాడు. శిలువ గుర్తును గీకేయమంటారా అని అడిగాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి అడ్డుపడింది. ఉండనీ, అక్క చేతి గుర్తు, రంగు పోతే పోయింది అంది.

"గీకెయ్యన్నా" అన్నాను.

"ఎందుకు రా?"

"రంగు పట్టదంట."

నేను దయ్యాలను నమ్మను. దేవుళ్ళతో కూడా పెద్ద పరిచయం లేదు. ఆ మాటే అమ్మకు చెబుదామనుకున్నాను కానీ, ఆమె నన్ను చూడటం లేదు. ఎదురుగా తడిగా మెరుస్తున్న దర్వాజను చూస్తోంది. పెయింటరు గీకినంతసేపూ నిలబడి చూసింది. కట్టె పొడి నేల మీద రాలింది. అతను దిగాక అమ్మ కొంగు బిగించి తనే స్టూలెక్కింది. దర్వాజకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా బిగుసుకుపోయింది, చాలాసేపు పట్టింది.

"ఇగ అక్క తల వంచే పని లేదు" అంది. స్టూలు ఊగుతోంది, పట్టుకున్నాను.